పన్నెండు మంది చుక్కలు

బావ పాడే పాటల బృందంలో డ్రమ్ములు వాయించే తమ్ముడు, సంగీతం మీద పరిశోధన చేసే అక్క కంప్యూటర్ ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఈ చుక్కలన్నీ చివర్లో ఇలా గుంపు కట్టాయేంటక్కా?"

"అదేరా నేను మొత్తుకునేది. పన్నెండు మందికి హెడ్‌ఫోన్లు పెట్టి మీ పాట వినిపించా. డ్రమ్ము దెబ్బ పడిందనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నా. ఒక్కో నొక్కుకి ఒక్కో చుక్క. చుక్కలు ఎడంగా ఉంటే పాట నిదానంగా వినిపించినట్టు, దగ్గరపడితే..."

"చాల్లే, తెలిసింది. బావ చూశాడా?"

"సాయంత్రం చూస్తాడు. నువ్వు వేగం పెంచుతున్నావని తేలితే బృందంలోంచి తీసేస్తానన్నాడుగా."

"పెంచట్లేదు. నేనసలు పెంచను. అంటే, కావాలని పెంచను."

"పన్నెండు మందీ ఒకే మాటరా."

"సరే, పెంచుతా. ఏం చెయ్యను? ఆఖరి చరణంలో బావ అలా సాగదీస్తుంటే నా ప్రాణం విలవిల్లాడిపోతుంది. చెయ్యి దానంతటదే పరుగెడుతుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"మీ పెళ్ళయినప్పట్నుంచి. అక్కా, అన్నిటికంటే కిందున్న ఈ చుక్కల వరస ఎవరిది?"

"పిన్నిది."

"పిన్నిదా? ఆవిడకి బొత్తిగా వినపడదు కదా."

"వినపడదు. అయినా అందరికంటే చక్కగా నొక్కింది. ఆగు. ఆగరా. ఒక్కసారి ఆ బల్ల వెనక్కి చూడు."

"ఇదేంటి, హెడ్‌ఫోన్ల తీగ కింద పడుంది."

"అయ్యో నా తల్లో."

"అంటే పాట ఎవరూ వినలేదా? మరి పన్నెండు మందీ దేనికి నొక్కారు?"

"అప్పుడు గోడవతల బట్టలుతికే మిషన్ తిరుగుతోందిరా. పిండే దగ్గరికొచ్చేసరికి వేగం పెరిగి నేలంతా అదిరిపోతుంది."

"పాట రావట్లేదని ఒక్కళ్ళూ అనలేదా?"

"పరిశోధనంటే ఇలాగే ఏడుస్తుంది కాబోలనుకుని ఉంటారు."

"హమ్మయ్య. అయితే నా తప్పేం లేదుగా. బతికిపోయాను."

"ఏం బతికావు? రేపు మళ్ళీ పిలవాలి అందరినీ. నిజం పాట వింటే ఏం తేలుతుందో ఇప్పుడు నీ నోటితోనే చెప్పావు."

"నేను చెప్పింది మర్చిపోకూడదా?"

"నీ కోసం కాదు గానీ, ఒకటుంది. నిన్ను తీసేస్తే ఇంకొకడొస్తాడు. బుద్ధిగా, నిదానంగా వాయిస్తాడు. అప్పుడు రోజూ ఇంట్లో సాధనలో ఆ చరణం మొత్తం వినాల్సింది ఎవరు?"

"నువ్వే."

"అందుకని ఆ తీగ అక్కడే పడుండనీ. మిషన్ ఆపేసి, దాని బదులు ఈ గదిలో టిక్కుటిక్కుమనే గోడ గడియారం పెడదాం."