జానెత్తో చెక్కిన వాలు అక్షరం

మధ్యాహ్నమైనా వెనిస్ కాలవల మీద మంచు విడలేదు. గట్టున ద్రాక్షసారా కొట్లో జానెత్తో మూడో గ్లాసు పుచ్చుకుని, ఎదురుగా కూర్చున్న ఒర్సోలాను ఓరకంట చూశాడు. ఆవిడది అచ్చుకూటం. పోయిన మొగుడి పద్యాల్ని జేబులో పట్టే పుస్తకంగా వెయ్యాలని, వాలు అక్షరాలు చెక్కే పనివాడి కోసం వెతుకుతోంది. తను పనిచేసిన అచ్చుకూటం మూతపడ్డాక జానెత్తో అక్షరం ముఖం చూడలేదు. ఈ పనీ దక్కకపోతే ఇక చేపల బుట్టలు మోసుకుని బతకాల్సిందే.

అందుకే మొదలెట్టాడు. వాలు అక్షరం తన చేతిలోనే పుట్టిందట. గాలికి రెల్లు వాలడం చూసి, అలాగే అచ్చు అక్షరం తీసే ఉక్కు కడ్డీ మొన మీద ఒక్కటంటే ఒక్క అక్షరం చెక్కాడట.

"అంతేనా?" అన్నాడు కాగితాల వ్యాపారి బొర్తొలో, ఆవలిస్తూ.

అంతే అయితే చెప్పడమెందుకు? ఆ వరసలోనే చెక్కిన మిగతా అక్షరాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఎంత ఒద్దికగా పడుకున్నాయంటే, ఇద్దరు మోసే గ్రంథం చొక్కా చేతిలో దూరిపోయిందట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చదివీ చదివీ పదువా ఊళ్ళో చదువుకునే కుర్రాళ్ళ మెడలు కుడికి వాలిపోయి, పెళ్ళిపీట దగ్గర కూడా తిన్నగా నిలబడలేదట. అది సరే, ఆ పుస్తకాలు వేసుకుని పడవ బయల్దేరితే, పుటలన్నీ గాలి పట్టి, తెడ్డు వెయ్యకుండానే పడవ నీళ్ళ మీంచి లేచిందట, మంచులోకి, గంటగోపురాల పైకి. కింద ఊరంతా కునుకు తీస్తుంటే, గంటలు ఎక్కడో మెత్తగా మోగుతుంటే, జానెత్తో చుక్కాని పట్టుకుని మబ్బుల్లో నిలబడ్డాడట. చెబుతూ చెబుతూ అతని కళ్ళే చెమర్చాయి. కొట్లో ఎవరూ గ్లాసు ఎత్తలేదు.

ఒర్సోలా మెల్లగా అంది: "ఆ మొదటి అక్షరం ఉక్కు మీద ఎలా చెక్కావో ఓసారి గీసి చూపించు నాయనా."

సారాలో వేలు ముంచి బల్ల మీద గీశాడు. సన్నగా, అందంగా, కుడికి వాలిన అక్షరం.

"అచ్చులో అన్నీ తిరగబడతాయి కదయ్యా. ఉక్కు మీద ఎడమకి వాలితేనే కాగితం మీద కుడికి వాలుతుంది. నీది అచ్చేస్తే వెల్లకిలా పడుతుంది."

బొర్తొలో పగలబడి నవ్వాడు. జానెత్తోకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చేతులు బల్ల కింద దాచుకున్నాడు. గోళ్ళ సందుల్లో నలుపు ఆవిడ అప్పటికే చూసేసింది.

"అచ్చు అక్షరాలకి సిరా పూసేవాడివా?"

"ఇరవై ఏళ్ళమ్మా. చెక్కడం రాదు. పూసిన ప్రతి పుటా చూస్తూ నిలబడిపోయేవాణ్ణి."

ఒర్సోలా లేచి శాలువా కప్పుకుంది. "సిరా పూసేవాడూ కావాలి నాకు. రేపు పొద్దున రా. ఆ పడవ మాత్రం ఇక్కడే కట్టేసి రా."