ముందు అక్కకి

ఈసీజీ గదిలో మంచం అంచున చెల్లెలు, పక్కనే అక్క. ఎదురుగా తీగలు పట్టుకుని నర్సు.

“పడుకోండి పిన్నీ, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు.”

“చీమా? అక్కా, చీమంటోందే!”

“కుట్టదనే కదే చెబుతోంది!”

“మరి ఇన్ని తీగలెందుకు? షాకు కొడితే?”

“కరెంటు మీ గుండెలోంచి మెషీన్లోకి వస్తుంది పిన్నీ. మెషీన్లోంచి మీలోకి రాదు.”

“అమ్మో, నాలో కరెంటుందా! అక్కా, నన్ను ముట్టుకోకే!”

“గుండెల్లో పొడుస్తోందని రాత్రంతా నన్ను పీక్కుతిని, ఇక్కడికొచ్చి ఈ వేషాలా? అమ్మాయ్, ఇది ఇలా తెమలదు గానీ, ముందు నాకు పెట్టి చూపించు. లే బుల్లీ, జరుగు.”

“పేషెంటు మీరు కాదుగా పెద్దమ్మా!”

“చిన్నప్పుడు సూదిమందైనా ముందు నేను పొడిపించుకుంటేనే అది చెయ్యి చాపేది. పెట్టెయ్యమ్మా.”

“సరే, పడుకోండి. ఈ జెల్లీ కాస్త చల్లగా ఉంటుంది.”

“అబ్బబ్బబ్బ! కితకితలు! నవ్వించకే బుల్లీ!”

“నేనేం చేశాను? రిపేరుకొచ్చిన రేడియోలా ఉన్నావు, నవ్వొస్తే నా తప్పా?”

“నవ్వితే గీతలన్నీ వంకర్లు పోతాయి పెద్దమ్మా!”

“నువ్వూ నవ్వుతున్నావుగా!”

“నేను నవ్వొచ్చు, నాకు తీగల్లేవు. ఊపిరి మామూలుగా తీసుకోండి... ఆఁ, అలాగే.”

“చూశావా బుల్లీ? అయిపోయింది. ఇక నువ్వు రా.”

“ఉండండి పెద్దమ్మా. ఇంకోసారి తీస్తాను.”

“ఏం, మళ్ళీ నవ్వానా?”

“లేదు, ఇప్పుడు నవ్వలేదు. ఈమధ్య గుండె దడదడలాడడం, కళ్ళు తిరగడం ఏమైనా...”

“పేషెంటు అదమ్మా!”

“చెప్పండి.”

“ఆఁ... మెట్లెక్కితే కాస్త. అందరికీ ఉండేదేగా.”

“అక్కా, మొన్న వంటింట్లో కూలబడ్డావు. కాలు జారిందన్నావు.”

“జారింది.”

“జారిందా?”

“...నువ్వు హడలిపోతావని, అలా అన్నాను.”

“పెద్దమ్మా, మీ గుండె ఒక వరసలో కొట్టుకోవట్లేదు. కంగారు పడకండి, మందులున్నాయి, మంచి సమయానికే తెలిసింది. డాక్టరుగారిని పిలుస్తాను. మీరు లేవకండి.”

“అయ్యో, మరి బుల్లికో? దానికి తియ్యవా?”

“నాకు తర్వాత తీస్తుందిలే. అమ్మాయ్, ముందు ఇది విను. ఈవిడకి బీపీ ఉంది. మాత్ర మింగినట్టు నటించి కిటికీలోంచి విసిరేస్తుంది. ఉప్పు తగ్గించమంటే—”

“ఒసేయ్! నోర్ముయ్యవే!”

“నువ్వే ముయ్యి. ఇవాళ్టి నుంచీ నేనే అక్కని.”