మూత తీయని సీసా

తాడేపల్లిగూడెంలోని ఓ కాలేజీ ల్యాబ్‌లో, రిటైరవబోతున్న అసిస్టెంటు పాత ఈథర్ సీసాలను పరీక్షిస్తున్నాడు. ఒకప్పటి ఆయన శిష్యురాలు, ఇప్పటి లెక్చరరు, పక్కనే నిలబడింది.

“పరీక్ష కాగితం నీలంగా మారిందండీ. ఈథర్ పాతబడి, పేలే పెరాక్సైడ్ పుట్టింది.”

“ఆ మూల సీసా కూడా చూడండి మాస్టారూ.”

“దాని మూత చుట్టూ తెల్లటి పలుకులు కట్టాయి. కదిపినా పేలొచ్చు. మీరు బయటికి వెళ్లండి మేడం.”

“మరి మీరో?”

“అక్కడ పెట్టి మరిచిపోయింది నేనే. నేనే తీస్తాను.”

“మీరు రాకపోతే నేనూ కదలనండీ.”

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“సరే, పద తల్లీ. తాళం వేసి, ఈ పని తెలిసినవాళ్లను పిలుద్దాం.”

లెక్చరరయ్యాక ఆయన నోట ‘పద’ అనే మాట వినడం ఆమెకు అదే మొదలు.