అద్దాల గదిలో ఎర్రదీపం

హలో… ఆ, నేనే. ఇంకెవరనుకున్నావు?

…

అంత సంబరపడకు వదినా. నిన్ను సాగనంపడానికి రాలేదు. విమానం కంపెనీవాళ్ళు పిలిస్తే వచ్చాను. ఈ దారిలో వాళ్ళ విమానం తిరగడం మొదలై నలభై ఏళ్ళట. మొదటిదానికి మైకులో పిలుపు ఇచ్చింది నేనే కదా, రిటైరైపోయినా ఇవాళ్టిదానికీ నేనే ఇవ్వాలని కారు పంపారు.

—

అందులో నువ్వు ఎక్కుతున్నావని నాకేం తెలుసు!… సరే, తెలుసు. టిక్కెట్టు తీసింది నా కొడుకే, అంటే నీ అల్లుడే. అయితే ఏంటట? "ఎయిర్‌పోర్టుకి రాకు, నీ ఏడుపు నేను చూడలేను" అన్నది నువ్వు. "చచ్చినా రాను" అన్నది నేను. మాట మీదే ఉన్నాను. ఇది డ్యూటీ.

…

గేటు కనబడటం లేదా?… బెలూన్లా! అయ్యో రాత. పండగ చేస్తామని గేటు నంబరు మీదే కట్టారా! నాకూ ఏం కనబడదమ్మా, హాలువైపు అద్దానికి "నలభై వసంతాలు" అని ఇంత బ్యానరు కట్టేశారు. ఎవరినైనా అడుగు.

…

అడగవు. నాకు తెలుసు. మనవరాలు పుట్టిందని వచ్చి ఆర్నెల్లు మా ఇంట్లో ఉన్నావు, చక్కెర డబ్బా ఎక్కడుందని ఒక్కనాడు అడిగావా? ఉప్పు కలుపుకుని టీ తాగావు. పైగా "బాగుంది" అన్నావు.

—

ఎవరూ వినరులే. తలుపు గడియ పెట్టుకున్నా. మైకు నా ముందే ఉంది గానీ, ఎర్రదీపం వెలుగుతోంది. ఎర్రదీపమంటే మైకు ఆగినట్టు. పచ్చది వెలిగితేనే మాట బయటికి పోయేది. ఈ గదిలోనే జుట్టు నెరిసింది నాకు, నువ్వా నాకు చెప్పేది?

…

నా గొంతు రెండు చెవుల్లోనూ వినబడుతోందా? ఫోను ఒక చెవికే కదా పెట్టుకున్నావు! వయసమ్మా, వయసు. దిగగానే చెవుల డాక్టరుకి చూపించుకో.

…

చుట్టూ జనం నవ్వుతున్నారా? నిన్ను చూసా? మరి ఆ పచ్చ స్వెట్టరు మీద ఎర్ర శాలువా వద్దని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను, విన్నావా?

ఉండుండు. తలుపు అద్దంలోంచి మేనేజరు చేతులు ఊపుతున్నాడు… ఏమో, కేకు కొయ్యడానికి రమ్మనేమో. ఆ కేకు సంగతి అడక్కు. విమానం చేయబోయారు, మొసలి అయింది. ఈయన జుట్టు చూశావా నువ్వు? పొద్దున ఫ్యాను కింద నిలబడితే మొత్తం ఒకేసారి లేచింది, గిన్నె మీద మూత లేచినట్టు… నవ్వకు… ఇదిగో, రెండు చేతులతో తల పట్టుకున్నాడు పాపం. తలనొప్పి కాబోలు. ఆగు నాయనా, వస్తున్నా!

—

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఎందుకు రావద్దన్నావు?

…

…నేను ఏడిస్తే నీకూ ఏడుపొస్తుందనా?

ఆ ముక్క నిన్ననే చెబితే నీ సొమ్మేం పోయేది వదినా! నేను రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నాను.

…

నువ్వూనా?

—

విను. ఆ మొదటి విమానంలో మా అక్క ఉంది… అవును, చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. "ఇదే చివరి పిలుపు, వెంటనే గేటు వద్దకు రావలెను" అని నా నోటితో నేనే చెప్పాను, సొంత అక్కకి. మైకు వదిలి కదలడానికి లేదు. అక్క గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, స్పీకరు డబ్బాకేసి చెయ్యి ఊపిందట. నాకేసి అనుకుని. తర్వాత ఎవరో చెప్పారు.

…

లేదు. మళ్ళీ చూడలేదు. అక్కడే పోయింది.

అప్పట్నించి నాకు "చివరి పిలుపు" అనడానికి నాలిక తిరగదు. "ఇంకొక్క పిలుపు" అనేదాన్ని. ఆ తర్వాత ఇంకొక్కటి. మెమోలు ఇచ్చారు, పుచ్చుకున్నాను. విమానాలు ఆలస్యమయ్యాయి గానీ, నా హయాంలో ఒక్క ప్రయాణికుడు వెనక పడలేదు.

అందుకని… అలిగి వెళ్ళకు వదినా. కావాలంటే నాలుగు తిట్టి వెళ్ళు.

…

వదినా? ఏంటా చప్పుడు?

…

నీ సంచీ ఎవరు పట్టుకున్నారు?… తెలియనివాళ్ళా? "గేటు ఇటు, రండి వదినగారూ" అన్నారా? నువ్వు నాకు వదినవని వాళ్ళకెలా—

…

చప్పట్లా? ఎందుకు?

…

అందరూ విన్నారా?… మొదట్నించా?… ఉప్పు టీ కూడానా?

…జుట్టు?

ఉండు, గడియ తీస్తాను.

నాయనా, ఈ ఎర్రదీపం… వెలిగితే మైకు పలుకుతున్నట్టా! ఎప్పుడు మార్చారయ్యా? పెద్దదాన్ని కూర్చోబెట్టేముందు ఒక ముక్క చెప్పొద్దూ!… అబ్బే, నీ జుట్టుకేం, నిక్షేపంగా ఉంది. ముందు ఈ మైకు ఆపు… ఆపావా? సరే.

వదినా, ఉన్నావా?… గేటు దగ్గరే? మోసుకొచ్చినంత పని చేశారా? బెలూన్లు ఎవరు పగలగొట్టారు?… నువ్వా! తలపిన్నుతోనా? శభాష్.

…

ఎటు చూసి చెయ్యి ఊపుతున్నావు?

…

స్పీకరుకేసా?

వద్దు. వద్దు వదినా, స్పీకరుకి వద్దు. అక్కడే ఆగు. నాయనా, ఈ బ్యానరు విప్పు… మీ నలభై వసంతాలూ ఎక్కడికీ పోవు, విప్పమంటున్నానా! ఆ మూల తాడు లాగు… ఊఁ.

తలెత్తు వదినా. పైకి. అద్దాలవైపు… ఇంకా పైకి. ఆ లావుపాటాయన నెత్తిమీదుగా చూడు.

…

కనబడ్డానా? నువ్వూ కనబడ్డావు. ఆ ఎర్ర శాలువా లేకపోతే ఇంతమందిలో పట్టుకోగలిగేదాన్నా! బాగానే ఉందిలే.

—

నేనేం ఏడవటం లేదు. నువ్వే. ముక్కు తుడుచుకో, ఫోటో తీస్తున్నారు.

…

పిలుపు ఇచ్చేయమంటున్నాడు మేనేజరు. ఇవ్వనా?… అదేలే, "ఇంకొక్క పిలుపు" అనే అంటాను. వేరే ఎలా అంటాను? పద, ఎక్కు. దిగగానే ఫోను చెయ్యి… పెట్టు మరి… కాదు, నువ్వు ముందు… లేదమ్మా, పెద్దదానివి, నువ్వే ముందు పెట్టాలి…

హలో?

…హలో?

పెట్టేసింది.

నాయనా, పిలుపు ఇస్తాను గానీ… ఏ దీపం వెలిగితే ఎవరికీ వినబడకుండా ఏడవచ్చో అది కాస్త చెప్పు.