నాలుగు ముళ్ళు

దారిలో నాలుగు చోట్ల రంగుపొడి చల్లే పరుగు అది; తెల్ల టీషర్టుల గుంపు ముందుకు పరుగెత్తిపోయింది. దాని తోకన ఇద్దరు ఆడవాళ్ళు నడుస్తున్నారు. ఇద్దరూ రంగుపొడి కంపెనీలోనే పనిచేస్తారు: చిన్నది మిషను మీద సంచుల మూతులు కుడుతుంది, పెద్దది ఆ సంచులు విప్పి పొట్లాలు కడుతుంది.

“…ఆరు రోజులూ ముక్కులోకి పోయే పొడికి, ఏడో రోజు సెలవు మానుకుని మరీ ఎదురెళ్ళాలా? నీకేమైనా పిచ్చా, సూదీ?”

“ఓనరు ఊరికే ఇచ్చిన పాసులు, అక్కా. రాకపోతే ఏమనుకుంటాడు?”

“నిద్రపోతున్నాం అనుకుంటాడు. నిజంగానే నిద్రపోయేదాన్ని.”

“నడువు. ఐదు కిలోమీటర్లే.”

“ఐదా? మూడన్నావు.”

“మూడయ్యాక ఇంకో రెండుంటాయి, అంతే.”

“మోకాళ్ళు నీవి కావు కాబట్టి ఎన్నైనా చెబుతావు. పదకొండేళ్ళు బల్ల ముందు నిలబడి అరిగిపోయిన మోకాళ్ళివి.”

“రేపట్నుంచి కూర్చునేదానివే కదా. కిటికీ పక్కన కుర్చీ. దిండు కూడా వేశారట.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? ఆ కుర్చీ కోసం ఎంతమంది అడిగారో తెలుసా? కొత్తగా కలిపిన పొడిని నమూనా అట్ట పక్కన పెట్టి చూడ్డం, రంగు కలిసిందంటే కలిసింది, లేదంటే లేదు. రంగు విషయంలో ఆ కుర్చీ మాటే మాట. ఓనరు కూడా కాదనడు.”

“తెలుసులేవే. రేపటి సంగతి రేపు. అదిగో, డబ్బాలు పట్టుకుని కాచుకుని కూర్చున్నారు.”

“కళ్ళు మూసుకో, అక్కా.”

“మూసే ఉన్నా… థూ. సరిగ్గా నోట్లోకే కొట్టాడు.”

“అక్కా, నా మీద ఏ రంగు పడింది?”

“ఏం, నీకు కళ్ళు లేవా?”

“నా వీపు నాకెట్లా కనిపిస్తుంది? చెప్పు.”

“గులాబీ.”

“ఆఁ. గులాబీయే.”

“దానికంత నిట్టూర్పేంటి?”

“నిట్టూర్పు కాదు. ఆయాసం.”

“నీకే ఆయాసమైతే నేనేం కావాలి. కాస్త మెల్లిగా పద.”

“ఇంతకన్నా మెల్లిగా అంటే వెనక్కి నడవడమే. అక్కా, మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళావట కదా. మీ అమ్మాయి చెప్పింది.”

“దాని నోట్లో మాట దాగదు. అద్దాల కోసం వెళ్ళాను.”

“అద్దాలేవి మరి?”

“ఇంకా ఇవ్వలేదు.”

“ఏమన్నాడు డాక్టరు?”

“ఏమంటాడు, పెద్దదానివవుతున్నావు అన్నాడు. దానికి ఫీజు కూడా తీసుకున్నాడు. అబ్బ, మళ్ళీ మొదలు. నువ్వు ముందుండు, నీ వెనక దాక్కుంటా.”

“నా వెనక నీలో సగం కూడా పట్టదు… అయిపోయింది, అక్కా, చల్లేశారు. ఇదేం రంగు?”

“ఆ… ఆచ్ఛీ. పసుపు. ఆచ్ఛీ. పసుపు పొడి కట్టే రోజు నా తుమ్ముల పాట్లు నీకు తెలియనివా? ఇవాళ ఏంటి, చిన్నపిల్లకి పాఠం అప్పజెప్పించినట్టు అడుగుతున్నావు?”

“సరదాకి.”

“మనకి సరదా ఎప్పుడు అలవాటైంది?”

“ఇవాళే. పద.”

“ఈ జనమంతా ఎందుకట్లా ఎగురుతున్నారో అర్థం కాదు. ఇళ్ళకెళ్ళాక ఈ చొక్కాలన్నీ ఎవరు ఉతుకుతారో వీళ్ళలో ఒక్కరైనా ఆలోచించారా?”

“నువ్వు అందరి తరఫునా ఆలోచిస్తున్నావుగా. ఇదిగో, మూడోది. చెయ్యి పట్టుకో, ఇక్కడ నేల జారుతోంది.”

“పట్టుకున్నా. చల్లండి నాయనా, చల్లి పంపించండి.”

“అక్కా…”

“ఆకుపచ్చ. ఆకుపచ్చ, చాలా? నేను ఆ బల్ల దగ్గర నీళ్ళు తాగొస్తా. నువ్విక్కడే ఉండు, కదలకు.”

“కదలను.”

“మేడమ్, నేనిక్కడ వాలంటీరుని. మీ నంబరు కాగితం ఒక మూల ఊడుతోంది. పిన్నులు ఇచ్చాం కదా, దారంతో కుట్టుకున్నారేంటి?”

“పిన్నులు గుచ్చుకుంటాయని మా అక్క గొడవ చేస్తే నేనే కుట్టాను, అమ్మాయ్. ఇది మా కంపెనీ మిషను దారం, తెగదు.”

“మీది పసుపు దారం, ఆవిడది గులాబీ. కావాలనే వేశారా?”

“చేతికి దొరికినవి వేశాను. మా సంచులన్నీ ఒకే గోధుమరంగు. ఆర్నెల్ల కిందట ఒకసారి ఆకుపచ్చ పొడి గులాబీ పొట్లాల్లోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఏ రంగు పొడి సంచికి ఆ రంగు దారంతోనే మూతి కుట్టమన్నారు నన్ను. చూడగానే తెలుస్తుందని.”

“మంచి ఆలోచనే.”

“చూడగలిగినవాళ్ళకి.”

“అంటే?”

“ఏం లేదులే. ఆఖరున నీలం కదా?”

“నీలం అయిపోయిందండీ. ముందొచ్చినవాళ్ళే మొత్తం చల్లుకుపోయారు. అక్కడ మళ్ళీ గులాబీయే చల్లుతున్నారు.”

“గులాబీయా?”

“నచ్చదా మీకు?”

“నచ్చుతుంది. అదుగో, వస్తోంది. ఆమెతో అనకు ఈ మాట.”

“ఎవరే ఆ అమ్మాయి, నవ్వుతూ వెళ్ళింది?”

“వాలంటీరట. నంబరు ఊడుతోందని చెప్పింది. అక్కా, ఒక మాట. ఇక్కణ్ణుంచి ఇంటికి పోదామా? ఆ సందులోంచి వెళ్తే బస్సు దొరుకుతుంది.”

“ఇంత దూరం ఈడ్చుకొచ్చి, గేటు కనబడుతుంటే ఇంటికి పోదామంటావేం?”

“నీ మోకాళ్ళు…”

“నా మోకాళ్ళు ఇందాక గుర్తు రాలేదు. పద, ఆఖరిది కూడా పోయించుకుని పోదాం. వచ్చినదానికి ఫలితం ఉండాలి.”

“వద్దక్కా.”

“నీకేం పట్టింది ఇవాళ? రమ్మన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. నడువు… ఇదిగో, పడింది. అయిపోయింది. ఏం, అడగవేం?”

“ఏమని?”

“ఏ రంగని. దారి పొడుగునా ప్రాణం తీశావుగా.”

“…ఏ రంగు?”

“నీలం.”

“గులాబీ, అక్కా.”

“ఆఖరిది నీలం కదా. నాలుగోది నీలం.”

“పరుగు సరుకు చీటీలో నీలమే. ఇక్కడ అయిపోయిందట.”

“ఓ.”

“చీటీలోది చెప్పావు. ఇందాకట్నుంచీ.”

“ఈ పరుగు సరుకంతా కట్టింది నేనే కదా, వరస నోటికొచ్చు. పసుపు మటుకు తుమ్ము చెప్పింది. ఆ గట్టు మీద కూర్చుందాం, సూదీ. నా వల్ల కావట్లేదు.”

“కూర్చో. మెల్లిగా.”

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“పొట్లాలు తారుమారైన రోజు నుంచి.”

“ఆ రోజు ఓనరు అందరి మీదా అరిచాడు. నువ్వు నోరెత్తలేదు.”

“ఎత్తితే ఏమయ్యేదో తెలుసుగా.”

“అందుకా సంచి దారానికి ముళ్ళు?”

“…ముళ్ళు నీకు తెలుసా?”

“సంచి విప్పేది నేనే కదే. గులాబీకి ఒకటి, పసుపుకి రెండు, ఆకుపచ్చకి మూడు, నీలానికి నాలుగు. నీలం వచ్చిన రోజు నా గోళ్ళు మిగిలేవి కావు. ఇంత బిగించి చచ్చిందేంటా అని తిట్టుకునేదాన్ని.”

“ఒక్కసారైనా అనలేదు నాతో.”

“నువ్వూ అనలేదుగా.”

“డాక్టరు నిజంగా ఏమన్నాడు?”

“కంటి వెనక నరమట. చూపు ఉంటుందట, రంగులే పోతాయట. ఆపరేషను లేదు, మందు లేదు. అన్నీ ఉతికి ఉతికి వెలిసిపోయిన దుప్పటిలా ఉన్నాయి. నువ్వు కూడా.”

“నేను ముందు నుంచీ అంతేలే. అక్కా, ఆ కుర్చీలో ముళ్ళుండవు. రెండు అట్టలు పక్కపక్కన పెట్టి ఏది కాస్త ముదురో చెప్పమంటారు. అక్కడికి నేనేం అందించగలను? అందరి ముందూ బయటపడే కంటే నీ నోటితో నువ్వు నాతో అంటావేమోనని తీసుకొచ్చా ఇవాళ. అంతేగానీ నిన్ను పట్టుకోవాలని కాదు.”

“తెలుసులే. ఆ కుర్చీ వద్దని చెప్పేశాను.”

“ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం. ఇవాళ నీకు చెబుదామనే వచ్చాను. నువ్వు చెప్పనిస్తేగా, రంగులు రంగులని ప్రాణం తీశావు.”

“కళ్ళ సంగతి చెప్పావా ఆయనకి?”

“నాకేమైనా పిచ్చా? అంతసేపు వంగి చూడలేనన్నాను. మెడ నొప్పన్నాను. సూదిని కూర్చోబెట్టండి, దాని కళ్ళు మంచివి అన్నాను. సరేనన్నాడు.”

“నన్నా? నన్నడగకుండానా?”

“అడిగితే వద్దంటావుగా.”

“వద్దనే అంటాను. నేను అక్కడ కూర్చుంటే మిషను మీద ఎవరుంటారు? నీకు ముళ్ళెవరు వేస్తారు?”

“ఆ మాత్రం ఆలోచించకుండా చెప్పానా? నీ మిషను నాకిమ్మన్నాను. దానికీ సరేనన్నాడు. స్టూలుంది, మోకాళ్ళకి సుఖం. సంచులు విప్పే పని ఎవరో ఒక కళ్ళున్న పిల్ల చూసుకుంటుంది.”

“అక్కా, ఆ మిషను…”

“ఏం, కుట్టలేననుకున్నావా? నీకు నేర్పిందెవరు? మూతి మడవడం, తొయ్యడం, చేతికి తెలిసిన పని. కుట్టడానికి రంగుతో పనేముంది? దారం ఎటూ తెల్లదేగా.”

“రేపట్నుంచీ తెల్లదే, అక్కా. రంగు విషయంలో ఆ కుర్చీ మాటే మాట కదా.”