ఉత్తరం రాసే ఆట

ఆ పేజీకి మాత్రం ఫోటో తియ్యకండి డాక్టరమ్మా. ఫోను లోపల పెట్టండి.

ఇరవై రెండేళ్ళుగా వారం వారం రాస్తున్న ఆటల పుస్తకాలు అదిగో ఆ పెట్టె నిండా ఉన్నాయి. ఒక్కదాన్నీ విప్పి చూసిన పాపాన పోలేదు మీ ఆఫీసువాళ్ళు. మీ ముందు వచ్చినావిడైతే పేజీలు తిప్పి, ముద్ర కొట్టి, నా కాఫీ తాగి, కప్పు కూడా నేల మీదే వదిలేసి పోయేది. మీరు మొదటిసారి చదివారు. సంతోషమే. కానీ చదివి చదివి, అన్ని వందల వారాల్లో సరిగ్గా ఆ ఒక్క వారమే బాగుందంటారేమిటండీ?

పైగా నమూనాగా పంపిస్తారా! ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే నాలాంటి నలభై మంది ఆడవాళ్ళకీ ఇది పంపి, ఇలా రాయండర్రా అని చెప్తారా?

నవ్వకండి. డాక్టరమ్మా అన్నందుకా? ఈ నది ఒడ్డున ఫైలు చంకలో పెట్టుకుని దిగిన ప్రతివాళ్ళూ మాకు డాక్టర్లే, నేను పిల్లలకి సెన్యో, అంటే టీచరమ్మ, అయినట్టు. రోగం మాది, మందు మీది, ఫలితం దేవుడిది. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికి కాలు వదులు. ఊయల మీద కూర్చోండి. పిల్లలు నాలుగింటి దాకా రారు, నదికి వెళ్ళారు మా చెల్లెలితో. ఈలోగా చెప్పేస్తాను.

మీ ఫారంలో మొదటి గడి ఉంది చూశారూ, 'పరిశీలన' అని. అందరూ అక్కడ 'పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు' అని రాసి చేతులు దులుపుకుంటారు. నేనలా రాయను. నేను బళ్ళో చదివింది ఐదో తరగతే. మిగతాదంతా చర్చివాళ్ళు పారేసిన పుస్తకాలూ, చేపలు చుట్టిచ్చిన పేపర్లూ. వాసనొస్తున్నా చదివాను. చదివి నేనర్థం చేసుకున్నది ఒకటే. పిల్లకి ఆట మనం నేర్పక్కర్లేదు. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు ఆ పిల్ల చేతులు ఏం చేస్తున్నాయో చూడాలి. వచ్చే వారం ఆట అందులోనే ఉంటుంది.

ఒకత్తి చీమల వెనకాల దేకుతూ కనిపించిందనుకోండి, ఆ వారమంతా చీమలే. చీమల్లా వరసలో నడవడం, పంచదార పలుకు ఎక్కడ పెడితే ఎంతసేపట్లో వస్తాయో చూడడం. ఇంకొకడు నీళ్ళంటే జడుస్తున్నాడనుకోండి, వాణ్ణి నదికి ఈడ్చుకుపోను. చిప్పలో నీళ్ళు పోసి బొమ్మకి స్నానం చేయించమంటాను. అలా మూడు వారాలు. నాలుగో వారం వాడే చొక్కా విప్పుకొస్తాడు. అదీ విద్య.

ఆ విద్యతో నేనేం చేశానో చెప్తున్నాను, వినండి.

ఫిబ్రవరిలో మీ ఆఫీసుకి సంతకం లేని ఉత్తరం ఒకటి వెళ్ళింది. ఎనెయిదా అనే ఈ మనిషి అన్నం తినని పిల్లల్ని నీలం గుడ్డతో కుర్చీకి కట్టేస్తుందట. ఏడ్చినవాళ్ళని స్నానాల గదిలో పెట్టి గడియ వేస్తుందట. ఒక కుర్రాఫీసరు వచ్చి, గుమ్మంలో నిలబడే నాకది చదివి వినిపించాడు. ఇవ్వమంటే ఇవ్వలేదు. కోళ్ళు కెలికినట్టుంది దస్తూరీ, మీకు చదవడం రాదులెండి అన్నాడు. నాకు! చదవడం రాదట!

నీలం గుడ్డ ఉన్నమాట నిజమే. అదిగో మేకుకి వేలాడుతోంది. టీకాలకి తీసుకెళ్ళేటప్పుడు పద్నాలుగు మందీ దాన్ని పట్టుకుని నడుస్తారు, ఎవరూ తప్పిపోకుండా. కట్టడానికి కాదు, పట్టుకోవడానికి. మీవాళ్ళకి ఆ తేడా తెలుసుకోడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. అన్నాళ్ళూ పిల్లల్ని తీసుకోకూడదని నా తలుపుకి కాగితం అంటించి ఉంచారు. తర్వాత ఏమీ రుజువు కాలేదని ఆ కాగితం పీకేసి వెళ్ళిపోయారు. జిగురు మరక ఇంకా ఉంది, వెళ్ళేటప్పుడు చూడండి.

పోనీలే అనుకునేదాన్నేనండీ. నా పరువేగా పోయింది, అదేమన్నా పట్టుబట్టా దాచుకోడానికి. కానీ ఆ నలభై ఒక్క రోజుల్లో ఏం జరిగిందో మీ ఫైల్లో ఉండదు.

ఎనిత్ అని, హోటల్లో దుప్పట్లు ఉతుకుతుంది. దాని చిన్నది యులీసా, రెండేళ్ళది, నా దగ్గరే ఉండేది. నా తలుపు మూసేశాక ఎనిత్ ఏం చేస్తుంది? పని మానేస్తే తిండెక్కడిది? ఏడేళ్ళ పెద్దదాన్ని కాపలా పెట్టి, బయట తాళం వేసుకుని పోయింది. పెద్దది చెల్లెలు ఏడుస్తోందని బెల్లం నీళ్ళు కాచింది. గిన్నె చిన్నదాని మీద ఒలికింది. భుజం దగ్గర్నుంచి మోచేతి దాకా... వద్దులెండి. ఇప్పుడా చర్మం నీళ్ళలో నానిన కాగితంలా ముడతలు పడి ఉంటుంది. చెయ్యి పూర్తిగా చాపలేదు. ఆటల్లో దానికి కుడివైపు నించే వస్తువులందిస్తాను.

ఆ చెయ్యి చూసిన రోజు ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఉత్తరం రాసిన మనిషి ఎవరో తెలుసుకుంటాను, తెలుసుకుని ఊరి మధ్య నిలబెడతాను అని.

గుడ్డ వీధిలో అందరూ చూసిందే, కానీ స్నానాల గదికి గడియ బయట వైపుందని పైవాళ్ళకి తెలీదు. నా గడప తొక్కినవాళ్ళకే తెలుసు. అంటే పద్నాలుగు ఇళ్ళు. ఆ పద్నాలుగు ఇళ్ళ నోళ్ళూ పొద్దున ఎనిమిది నించి సాయంత్రం నాలుగు దాకా ఎక్కడుంటాయి? నా దగ్గర. పోలీసులకి కూడా అంత సౌకర్యం లేదు.

అప్పుడు రాశాను ప్రణాళిక. మొదటి వారం, ఇల్లు ఆట. గిన్నెలూ, గరిటెలూ, పాత స్కార్ఫులూ మధ్యలో పోసి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేస్తారో చేసి చూపించండర్రా అన్నాను. అబ్బో, ఆ వారం నేను విన్నవన్నీ చెప్తే ఈ సందులో సగం కాపురాలు నిలవవు. ఒకత్తి ఊయల్లో పడుకుని చెక్కముక్క చెవికి ఆనించుకుని, 'బస్సులో ఉన్నానండీ, వచ్చేస్తున్నా' అంటుంది. ఒకడు తూలుతూ వచ్చి బల్లకి తగిలి, ఆ బల్లకే క్షమాపణ చెప్తాడు. కానీ నాకు కావలసింది దొరకలేదు. రెండో వారం అంగడి ఆట పెట్టాను. అదీ దండగే.

మూడో వారం మధ్యలోకి ఇంకేమీ వెయ్యలేదు. తెల్ల కాగితాలూ, పెన్సిళ్ళూ, కవర్లూ. మీకు నచ్చిన వారం అదే.

చాలామంది గీతలు గీసి, 'అమ్మకి' అని నాకే ఇచ్చారు. కెరెలిస్ మాత్రం అలా చెయ్యలేదు. నాలుగేళ్ళది. స్కార్ఫ్ తలకి చుట్టుకుంది. బల్ల కింద కాగితం పరిచింది. అటూ ఇటూ చూసి, నాలిక బయట పెట్టి, పెన్సిల్ ఎడమ చేతిలోకి మార్చుకుని రాయడం మొదలుపెట్టింది. ఆ పిల్లది కుడిచేతి వాటం డాక్టరమ్మా. స్పూను కూడా ఎప్పుడూ ఎడం చేత్తో పట్టి ఎరగదు. నేను పక్కన చతికిలబడి, ఆ చేత్తో రాస్తున్నావేం నా రాణీ అన్నాను. అది గుసగుసగా, 'ఈ చేతిని ఎవరూ గుర్తుపట్టరు' అంది.

కోళ్ళు కెలికినట్టున్న ఆ దస్తూరీ గుర్తొచ్చింది నాకు.

కెరెలిస్ ఎవరనుకున్నారు? ఉబల్దినా మనవరాలు. సందు మొదట్లో గుడ్డు పెట్టిన మొక్కజొన్న రొట్టెలు వేయించి అమ్మేదే, ఆ ఉబల్దినా. ఆ పిల్ల జ్ఞానస్నానంలో చేతుల మీద ఎత్తుకున్నది నేను. మాలో దానికంటే పెద్ద చుట్టరికం లేదు. నా తలుపు మూసిన నలభై ఒక్క రోజులూ రోజూ మధ్యాహ్నం నాకు సూపు గిన్నె తెచ్చేది. 'తినక్కా, చిక్కిపోయావు' అనేది. 'ఏ పాపిష్టిది రాసిందో, దాని చేతులు పడిపోను' అని నాకంటే ముందు శాపనార్థాలు పెట్టేది. ఆ చేతుల్తోనే రాసిందన్నమాట. అందులో ఒక చేత్తో.

ఎందుకంటే ఏముందీ? దాని కూతురు సాండ్రిత్, అదే కెరెలిస్ తల్లి, మీ ఆఫీసు శిక్షణ పూర్తి చేసింది. పిల్లల్ని చూసుకోడానికి సందుకి ఒక్క ఇల్లే ఇస్తామని మీరే నియమం పెట్టారు. నేను కదిలితే గాని కూతురికి చోటు లేదు. అడిగుంటే ఇచ్చేదాన్నేమో. నా మోకాళ్ళు చూశారుగా.

సరే, మీకు చెప్పి ఉండొచ్చు. మీవాళ్ళేం చేస్తారు? ఇంకో కాగితం రాసుకుంటారు. ఉబల్దినా ఏడుస్తుంది, అబద్ధమంటుంది, నాలుగేళ్ళ పిల్ల మాట సాక్ష్యమా అంటారు. వద్దనుకున్నాను.

ఆ వారమే నెలాఖరు శుక్రవారం, తల్లులందరూ వచ్చే రోజు. దానికి ప్రణాళిక రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది, అంత శ్రద్ధగా ఎప్పుడూ రాయలేదు. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పని ఒకటి చేసి చూపిస్తారు. లక్ష్యం అన్నచోట ఏం రాశానో ఇందాక మీరే పైకి చదివి మెచ్చుకున్నారు: 'రోజువారీ జీవితంలో రాత ఎంత అవసరమో పిల్లలు గుర్తిస్తారు' అని. గుర్తించారు లెండి. అందరూ గుర్తించారు.

కెరెలిస్‌ని చివర పెట్టాను. ఉబల్దినా ముందు వరసలో కూర్చుంది, ఒళ్ళో రొట్టెల పళ్ళెం, పిల్లలందరికీ పంచడానికి తెచ్చింది. ఎనిత్ గోడ వారగా, యులీసాని ఎత్తుకుని.

పిల్ల వచ్చింది. స్కార్ఫు, తీగతో చేసిన కళ్ళజోడు. ముందు నడుం మీద చెయ్యి వేసుకుని అమ్మమ్మలా మూలిగింది. జనం ఒకటే నవ్వు, ఉబల్దినా కూడా నవ్వింది. అప్పుడు కూర్చుంది. పెన్సిల్ ఎడమ చేతిలోకి మార్చుకుంది. రాస్తూ రాస్తూ, గట్టిగా, అమ్మమ్మ గొంతుతో, 'నీలం... గుడ్డతో... కడుతుంది' అంది. కాగితం మడిచి, ఆటకని పక్కన పెట్టుకున్న రొట్టెల బుట్ట అడుగున పెట్టింది. మా వైపు తిరిగి, 'ఈ చేతిని ఎవరూ గుర్తుపట్టరు' అంది.

నవ్వులు ఒక్కసారిగా ఆగలేదు. వెనక వరస నించి ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఎనిత్ పిల్లని పక్కామె ఒళ్ళో పెట్టి నడుచుకుంటూ వచ్చింది. అరవలేదు. 'ఉబల్దినా, ఆ పళ్ళెం కింద పెట్టు. నీ ఎడమ చెయ్యి నాకు చూపించు' అంది.

చూపించలేదు. పళ్ళెం అలాగే పట్టుకుని, రెండు చేతులూ దాని కింద దాచుకుని కూర్చుండిపోయింది. ఇంకేం రుజువు కావాలి?

నేనా? చప్పట్లు కొట్టాను. పిల్ల బాగా చేసింది కదా, కొట్టకపోతే చిన్నబుచ్చుకుంటుంది. అంత నిశ్శబ్దంలో నా రెండు చేతుల చప్పుడే. ఆ తీపి ఇప్పటికీ నా నోట్లో ఉంది, దాచను.

మర్నాటి నించి దాని రొట్టెలు కొన్నవాళ్ళు లేరు. మూకుడులో నూనె కాగి కాగి నల్లబడిపోయేది. పదకొండు రోజులు చూసింది. పన్నెండో రోజు మూకుడు గోనెలో కట్టుకుని మోంటేరియాలో చెల్లెలింటికి బస్సెక్కింది. నేను గుమ్మంలో నిలబడే చూశాను. చీపురు చేతిలో పట్టుకుని, ఊడ్చకుండా చూశాను.

పిల్ల అమ్మమ్మా అని చేతులు చాపింది. ఉబల్దినా ముఖం పక్కకి తిప్పేసుకుని మెట్టెక్కింది.

సాండ్రిత్ ఇప్పటికీ పిల్లని నా దగ్గరే దింపుతుంది, తల వంచుకుని. వేరే చోటెక్కడుంది? కెరెలిస్ వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటుంది. చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటుంది డాక్టరమ్మా. ఇల్లు ఆటకి రాదు, బొమ్మని ముట్టుకోదు. చీమలు, నీళ్ళు, మట్టి, పిండి, నాకొచ్చినవన్నీ పెట్టి చూశాను. ఏడు వారాలైంది. 'పరిశీలన' గడిలో ఏం రాయాలో తెలీక ఖాళీగా వదిలేస్తున్నాను. మీరింకా అక్కడిదాకా తిప్పినట్టు లేరు.

వద్దు, నన్ను ఓదార్చకండి. పిల్లలు మర్చిపోతారంటారు, అది పుస్తకాల్లో నేనూ చదివాను. ఉబల్దినా సంగతంటారా, జాలి లేదు. మళ్ళీ చెయ్యమన్నా చేస్తాను, ఇంకా ముందు వరసలో కూర్చోబెట్టి చేస్తాను. యులీసా చెయ్యి చాపలేనన్నాళ్ళూ నాకు జాలి లేదు.

నాకు తెలీక జరిగిందని మాత్రం రాసుకోకండి. ఆ శుక్రవారం తల్లులు రాకముందు, వంటింట్లో ఆ పిల్ల తలకి నేనే స్కార్ఫు కడుతున్నాను. అది నా మెడ వంచి చెవిలో, 'సెన్యో, ఇది అమ్మమ్మ రహస్యం. చేసి చూపిస్తే అమ్మమ్మ నన్ను వదిలేస్తుందా?' అని అడిగింది.

వద్దులే, వేరే ఆట ఆడదాం అనడానికి నాకు బోలెడంత వ్యవధి ఉంది. పొయ్యి మీద పాలు కూడా ఇంకా పొంగలేదు.

ముడి బిగించాను. 'ఎందుకొదిలేస్తుంది నా రాణీ, ఇది ఆటేగా' అన్నాను.