ముందు వరసలో కూర్చునే మనిషి

సీటు కవర్లు కుట్టే దుకాణం. మధ్యాహ్నం. కుట్టుమిషను ముందు ఒకామె, గుమ్మం దగ్గర వయసు మళ్ళిన మరొకామె.

"సీటు కవరు కోసం వచ్చినట్టు లేరే మీరు."

"మాకు బండి లేదమ్మా."

"మరి ఎవరి కోసం? ఇక్కడ నేను తప్ప ఎవరూ ఉండరు."

"నీ కోసమే. ముందు వరస అంటే నువ్వేనా?"

"ఆ పేరు మీకెవరు చెప్పారు? పాటల హాల్లోవాళ్ళు తప్ప నన్నెవరూ అలా పిలవరు."

"మా కోడలు చెప్పేది. ఎప్పుడూ ముందు వరసలో, స్పీకరు పక్కనే కూర్చుంటుంది ఆ అక్క అని."

"మీ కోడలు... అంటే మీరు?"

"వాడి తల్లిని."

"బయటికి నడవండి."

"ఒక్కమాట విను..."

"నడవండమ్మా. పెద్దవారు, నాచేత ఇంకోమాట అనిపించుకోకండి. మీవాడి మనుషులు వచ్చి వెళ్ళారు, చాలదా? ఇప్పుడు మిమ్మల్ని పంపారా?"

"కాస్త కూర్చోనీ. మోకాళ్ళు పట్టేశాయి. మంచినీళ్ళుంటే ఇవ్వు."

"ఆ స్టూలు లాక్కోండి. సీసా మీ పక్కనే ఉంది. తాగి వెళ్ళిపోండి."

"చేతికి ఆ కట్టేంటి?"

"కుట్టేటప్పుడు సూది దిగింది."

"ఇన్నేళ్ళ నుంచి కుడుతున్నావు, వేలు చూసుకోవా?"

"చూసుకునేదాన్నే. మీవాడి స్నేహితులు నా చెయ్యి తీసుకెళ్ళి ఆ సూది కింద పెట్టి పెడలు తొక్కారు. రెక్సిను కుట్టే సూది అది. గోటిలోంచి దిగి కింద తేలింది. అంతా అయ్యాక ఒకడు దారం కూడా తెంపిపెట్టాడు, మర్యాదగా."

"అయ్యో."

"అయ్యో అనకండి. అదిగో, బయట బండి మీద కూర్చున్నాడే కళ్ళజోడు, నా చెయ్యి పట్టుకున్నది వాడే. మీతోనే వచ్చాడా?"

"వాడే తీసుకొచ్చాడు. అటు చూడకు. నావైపు చూసి మాట్లాడు."

"చూస్తే ఏం చేస్తాడు? ఇంకో వేలు తీసుకుంటాడా?"

"నావైపు చూడు తల్లీ. రేపే కదా కోర్టులో నువ్వు చెప్పేది?"

"రేపే."

"నువ్వొక్కదానివేనా?"

"ఇంకెవరు మిగిలారు? డ్రమ్ములబ్బాయి తల దించుకుని వాయిస్తున్నాడట, ఏమీ చూడలేదట. పాడే అమ్మాయి అప్పటికి రానేలేదు. మిగిలింది మీ కోడలు. ఆమె ఎక్కడ?"

"పంపించేశాను."

"ఎక్కడికి?"

"అది నన్నడగొద్దు."

"అంటే దాచేశారు. బాగుంది. కొడుకు కోసం కోడల్ని మాయం చేసి ఇప్పుడు నా దగ్గరికొచ్చారు."

"అలాగే అనుకో."

"ఇంకెలా అనుకోమంటారు?"

"వాడు ఎలా కొట్టాడో చెప్పు."

"ఏంటి?"

"ఆ రోజు సంగతి. నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. పోలీసులు ఒకటన్నారు, వీళ్ళు ఒకటంటున్నారు. నువ్వు చూసింది చెప్పు."

"తల్లి వినే మాటలు కావవి."

"వింటాను. చెప్పు."

"మీరెప్పుడైనా ఆ హాలు చూశారా?"

"లేదు. పాత ఐసు ఫ్యాక్టరీ అంటుండేది కోడలు. నువ్వు పాటల కోసం ఊళ్ళన్నీ తిరుగుతావని కూడా చెప్పేది. ఒక్కదానివి, అంతంత దూరాలు ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏం చెప్పను. శనివారం మిషను కట్టేసి బస్సెక్కితే ఆదివారానికి ఎక్కడో ఒకచోట పాట. బస్టాండు బల్ల మీద పడుకోవడం, సోమవారం కళ్ళు నలుపుకుంటూ వచ్చి దుకాణం తియ్యడం. నాకు పెళ్ళి చెయ్యాలంటే ఆ బస్సు డ్రైవరుకే ఇచ్చి చెయ్యాలనేవాడు మా అన్నయ్య."

"పెద్ద పెద్ద మైదానాల్లో కూడా పెడతారటగా?"

"వెళ్ళాను. అక్కడ పాడే మనిషి చీమంత, తెర మీద వాడి బొమ్మ కొండంత. దేన్ని చూడాలో తెలీదు. బాబాయ్ నడిపిన ఆ హాల్లో అలా కాదు. గొంతు సవరించుకుంటే మనకి వినబడుతుంది. ఊపొస్తే వాళ్ళ చెమట మన మీద పడుతుంది. ఎన్ని ఊళ్ళు తిరిగినా వచ్చి కుర్చీలు తుడిచింది అక్కడే. కప్పు కారితే రెక్సిను అతుకులు కుట్టిచ్చాను, గోడల మీద పోస్టర్లు అంటించాను. ఆ హాలు మూతపడితే ఈ ఊళ్ళో పాడేవాళ్ళకి నిలబడే చోటు లేదని బాబాయ్ భయం. కరెంటు పనులు చేసి సంపాదించిందంతా దాంట్లోనే పోశాడు."

"మా కోడలు కూడా ఆయన్ని బాబాయ్ అనేది."

"మీ కోడలు అసలు ప్రోగ్రాం ఒక్కటి కూడా చూడలేదు, తెలుసా? మొగుడు ఇల్లు చేరేసరికి తనుండాలి. అందుకని మధ్యాహ్నం మైకులు సరిచూసుకునే వేళకి వచ్చేది. వాళ్ళు పాట సగం పాడి ఆపేస్తారు, మళ్ళీ మొదలుపెడతారు. ఆ ముక్కలే వినేది పాపం."

"ఆ ముక్కలే వంటింట్లో కూనిరాగం తీసేది. నేను లేచి తలుపు దగ్గరగా వేసేదాన్ని, వాడికి వినబడకుండా."

"ఆ రోజు ఎవరో చెప్పి ఉంటారు. డ్రమ్ములు సరిచేస్తుంటే వచ్చాడు. పరుగెత్తుకుంటూ కాదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాడిలా నిదానంగా నడిచొచ్చాడు. చేతిలో జాకీ రాడ్డు. ఆమె జుట్టు చేతికి చుట్టుకున్నాడు, తాడు చుట్టుకున్నట్టు. కుర్చీల మీంచి లాక్కెళ్ళాడు. ఆమె కాలు వైర్లలో చిక్కుకుంది. అయినా ఆపలేదు, వైర్లతో పాటు స్పీకరు కూడా కదిలింది."

"అప్పుడు ఆయన అడ్డమొచ్చాడా?"

"తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవరుంటే అది కూడా జేబులో పెట్టేసుకున్నాడు. 'బాబూ, ముందు అమ్మాయిని వదులు, తర్వాత మాట్లాడుకుందాం' అన్నాడు. బాబూ అనే అన్నాడమ్మా. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. విరిగిన చప్పుడు డ్రమ్ముల దాకా వినబడింది. కూలబడ్డాడు. గోడ పట్టుకుని లేవబోయాడు. రెండోది చెవి మీద."

"కొట్టేటప్పుడు ఏమన్నాడు?"

"అరవలేదు. అరిచినా బాగుండేది. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెబుతూ కొట్టాడు. 'లేవొద్దన్నానా?' అనడం, మళ్ళీ ఒకటి వెయ్యడం. 'లేవొద్దన్నానా?' అని..."

"'లేస్తే తప్పు నీదే.'"

"అవును. అదే అన్నాడు. మీకెవరు చెప్పారు?"

"నేను కన్నవాడే కదా. వాడి మాటలు నాకు తెలీవా? నువ్వేం చేశావు?"

"కుర్చీ ఎత్తి విసిరాను. వీపుకి తగిలింది. వెనక్కి తిరిగి కడుపులో తన్నాడు. పడిపోయాను. నా పక్కటెముకల మీదికెక్కి నిలబడ్డాడు. అక్కణ్ణుంచే బాబాయ్‌ని కొట్టాడు, నా మీద నిలబడి. రాడ్డు దిగినప్పుడల్లా వాడి బరువంతా నా మీదికి వచ్చేది. ఎంత గట్టిగా కొడుతున్నాడో నా ఎముకలకి తెలుస్తూనే ఉంది."

"కోడలు అక్కడే ఉందా?"

"జుట్టు వదిలేశాడు కదా, వెనక తలుపులోంచి పొమ్మని నేనే అరిచాను. వెళ్ళింది. నెత్తి మీంచి రక్తం కారుతుంటే అలాగే వెళ్ళింది."

"ఆయన వెంటనే పోయాడా?"

"లేదు. అది ఇంకా ఘోరం. మొహం ఒక పక్క మొహంలా లేదు, రెండో పక్క కన్ను తెరిచే ఉంది. నన్నే చూస్తున్నాడు. ఏదో అనబోతే నోట్లోంచి పళ్ళు జారాయి. మీవాడు స్టేజీ తెరకి రాడ్డు తుడుచుకున్నాడు. నా మీంచి దిగి చొక్కా సర్దుకుని వెళ్ళాడు. బాబాయ్ ఆస్పత్రిలో తెల్లవారాక పోయాడు."

"వాడి మొహం నీకు బాగా కనబడిందా?"

"వచ్చారా అసలు సంగతికి."

"చెప్పమ్మా. వెలుతురుందా?"

"స్టేజీ దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. వాడి కనుబొమ్మ మీద పాత గాటు కూడా కనబడింది."

"రాడ్డు ఏ చేత్తో పట్టుకున్నాడు?"

"ఎడమ చేత్తో."

"కాళ్ళకి చెప్పులా, బూట్లా?"

"బూట్లు."

"నిజంగా బూట్లేనా? లాయరు గట్టిగా అడిగితే?"

"నా పక్కటెముకల్ని అడగమనండి. మీరేంటమ్మా, వాళ్ళ లాయరు కంటే ఎక్కువ లాగుతున్నారు? ఎక్కడ తప్పు పట్టొచ్చో చూసి అప్పజెప్పడానికా?"

"ఇంకొకటి. వాడు వచ్చేసరికి నువ్వు ఎక్కడ..."

"ఇక చాలు. మీరంత కష్టపడక్కర్లేదు. నేను చెప్పడం లేదు."

"ఏం చెప్పడం లేదు?"

"రేపు దీపాలు ఆరిపోయాయని చెప్తాను. ఎవరో వచ్చారు, ఎవరో కొట్టారు, మొహం చూడలేదు. నిన్ననే అనుకున్నాను."

"ఎందుకు?"

"ఎందుకా? చెయ్యి చూశారుగా. మా అన్నయ్య ఆడపిల్లలు బడికి ఏ సందులోంచి వెళ్తారో చెప్పి మరీ వెళ్ళాడు ఆ కళ్ళజోడు. ఏ పిల్ల ముందు నడుస్తుందో కూడా చెప్పాడు. బాబాయ్ ఎలాగూ లేడు. హాలుకి తాళం పడింది. పక్క ఊళ్ళో నాకిష్టమైన వాళ్ళు పాడుతున్నారంటే మొన్న బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. డ్రమ్ము మోగితే చెవులు మూసుకుంటున్నానమ్మా నేను. ఇంకేం మిగిలిందని చెప్పను?"

"తల్లీ..."

"వెళ్ళి ఆ కళ్ళజోడుకి చెప్పండి. భయపడింది, ఒప్పుకుంది అని చెప్పండి. రేపో ఎల్లుండో మీ అబ్బాయి జైల్లోంచి ఇంటికొస్తాడు. సంతోషమేగా?"

"వద్దు."

"ఏంటి వద్దు?"

"గొంతు తగ్గించు. కుట్టు మొదలుపెట్టు, మిషను చప్పుడు కావాలి."

"ఈ చేత్తోనా?"

"ఉత్తినే తొక్కు. ఆఁ, అలాగే. ఇప్పుడు విను. కోడల్ని దాచింది పోలీసుల నుంచి కాదు, వీళ్ళ నుంచి. ఎక్కడుందో చెప్పమని వారం నుంచి నన్ను తినేస్తున్నారు. నేను చెప్పలేదు. నువ్వు మాట మీద నిలబడితే తనూ వచ్చి చెప్తానంది. నువ్వు తప్పుకుంటే అది రాదు. రమ్మని నేను కూడా అనను."

"మీరు... మరి ఆ ప్రశ్నలన్నీ?"

"రేపు లాయరు అవే అడుగుతాడు. నువ్వు తడబడతావేమో చూద్దామని. ఎక్కడా తడబడలేదు."

"నన్ను బతిమాలడానికి పంపారనుకున్నాను."

"వాళ్ళు పంపింది అందుకే."

"మీ సొంత కొడుకమ్మా."

"కాదనను. నాకు ఎడమ చెవి వినబడదు, తెలుసా? దెబ్బకి పోయింది. మా ఆయన మంచివాడే. ఆయన పోయాక, వీడికి మీసాలొచ్చాక పోయింది."

"ఎవరికీ చెప్పలేదా?"

"కింద పడ్డాననేదాన్ని. ఎన్నిసార్లు పడతావని అడిగినవాళ్ళు లేరు. అడిగింది కోడలొక్కతే. తర్వాత అదీ పడటం మొదలుపెట్టింది."

"మా అన్నయ్య పిల్లలకి ఏమైనా అయితే?"

"పిల్లల్ని ఇవాళే ఊరు దాటించు. నీకు బస్సులన్నీ తెలుసు కదా. అంతకంటే నేను మాటివ్వలేను, ఇస్తే అబద్ధమవుతుంది."

"అమ్మా, నాకు చాలా భయంగా ఉంది."

"నాకు లేదా? మిషను ఆపకు. వాడు బండి దిగుతున్నాడు, ఇటే వస్తాడు. నేనిప్పుడు నీ కాళ్ళ మీద పడతాను. నువ్వు కసురుకో."

"లేవండి, ఏంటిది, పెద్దవారు..."

"కాస్త గట్టిగా కసురుకో. ఆఁ. ఇప్పుడు సరేనన్నట్టు తలూపు, వాడికి కనబడేలా. చాలు. రేపు మాత్రం, తల్లీ, నా కొడుకుని ఇంటికి పంపకు."